పెద్దాయనకు పెట్టిన కాబేజీ తొక్కు

దవాఖాన నుంచి నా భర్త ఫోన్ చేసి, "అమ్మ లేదు" అని ఒక్క మాట అన్నాడు. అప్పటి నుంచి వచ్చేపోయే చుట్టాలకు వండి, గిన్నెలు తోమి నా చేతులు మొద్దుబారాయి. మా అత్తమ్మను తలుచుకుని ఏడవడానికి కూడా ఓపిక చిక్కలేదు.

ఆమె మేళ్లచెరువు దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్‌లో వంట చేసేది. కూరగాయలు తరగడానికి నేనూ వెంట పోయేదాన్ని. అక్కడ ఉండే కొరియా ఇంజనీరు సారు, వాళ్ల అమ్మ వండుతుంటే ఫోన్‌లో చూపిస్తే, ఆ తల్లి చేతులు చూసి అత్తమ్మ వాళ్ల వంట పట్టేసింది. ఉప్పులో నానిన కాబేజీకి ఎల్లిగడ్డ, అల్లం, ఎర్ర కారం ఆకు ఆకుకూ పట్టించి జాడీలో పులియబెట్టేది. వాళ్లు దాన్ని కిమ్చీ అంటారు. అత్తమ్మకు అది కాబేజీ తొక్కు. రోజూ మూత తీసి వాసన చూసేది. నేను ముక్కు మూసుకుంటే నవ్వేది.

"ఏందే పిల్లా, నీ మొగని చెమట అంగీ కంటె ఎక్కువ కంపు కొడ్తాందా?"

పులిసిందా లేదా అని నేను తొందరపడితే, "జాడీ పని జాడీ చేస్తది, నువ్వు జర కూసో" అనేది. పెళ్లయి వచ్చాక నన్ను కూర్చోమన్నది ఆమె ఒక్కతే.

ఒకసారి సారు తండ్రి చనిపోయిన రోజు ఏడాది తిరిగి వచ్చింది. వాళ్లూ పెద్దలకు పెడతారు. అన్నం, చారు, చేప, పండ్లు బల్ల మీద వరుసగా పేర్చి, పోయినవాళ్లు తినేదాకా బయట నిలబడతారు. మేము పెత్రమాసకు పోయినవాళ్లకు ఇష్టమైనవి వండుతాం కదా, అత్తమ్మ అట్లాగే అడిగింది.

"మీ నాయినకు ఏమిష్టం సార్?"

"కిమ్చీ" అన్నాడాయన. ఆమె ఒక గిన్నెడు తెచ్చి బల్ల మీద పెట్టింది.

సారు చూసి ఆగిపోయాడు. మేము అడిగితే చెప్పాడు, పెద్దల బల్ల మీద కారం, ఎల్లిగడ్డ ఉండకూడదట. ఎరుపు చూస్తే పోయినవాళ్లు లోపలికి రారని వాళ్ల నమ్మకం. ఆయన కోప్పడలేదు, గిన్నె తియ్యనూ లేదు.

ఆ పూట అత్తమ్మ అన్నం ముట్టలేదు. "అంత దూరం నుంచి వచ్చిన పెద్దాయనను వాకిట్లకెల్లే ఎళ్లగొట్టిన గదనే" అంది.

"సారు ఏమనలేదు గద అత్తమ్మా."

"ఆయన అనడు. మీ నాయిన తిన్నడా అని నేనెట్ల అడగాలె?"

తర్వాత ఏళ్ల తరబడి సారుకు వండింది కానీ అడగలేదు. దవాఖానకు పోతుంటే ఆటోలో కూడా నా చెయ్యి పట్టుకుని, "తిన్నడో లేదో" అంది.

దినాల నాడు సారు వచ్చాడు. నేనెప్పుడూ ఆయనకు నీళ్లిచ్చి తలుపు వెనక్కి పోయేదాన్ని. ఆ రోజు పోలేదు.

"సార్, గా దినం మీ నాయిన తిన్నడా? మా అత్తమ్మకు అడుగుడు చాతకాలె."

నా భర్త తలెత్తి నన్ను చూశాడు. సారు కాసేపు మాటలు వెతుక్కున్నాడు. ఆయన తెలుగు నేర్చింది అత్తమ్మ దగ్గరే.

"తిన్నడు. మంచిగ తిన్నడు. కిమ్చీ లేకుంటె మా నాయిన ముద్ద ముట్టడు."

నిజమే చెప్పాడో, మా కోసం అన్నాడో నాకు తెలియదు. బూట్లు విడిచి, అత్తమ్మ ఫోటో ముందు మోకరిల్లి, నుదురు నేలకు ఆనించాడు. లేచి మళ్లీ వంగాడు. అప్పుడే కడిగిన నేల అది. పంక్తిలో చుట్టాలు ముద్ద చేతిలో పట్టుకుని అట్లాగే ఉండిపోయారు. ఆయన లేచేసరికి మోకాళ్ల దగ్గర ప్యాంటు తడిసిపోయింది. ఆ తడితోనే వచ్చి, వరుస చివర కింద కూర్చుని, విస్తరి కోసం నా వైపు చూశాడు.