ఇంగువ మీద రోజ్‌మేరీ దండయాత్ర

మిషిగన్ రాష్ట్రం నోవైలో మా ఇల్లు అమ్మకానికి పెట్టాలనుకున్నప్పుడు ఏజెంటుగా వచ్చినావిడ గుమ్మంలోనే ఆగింది. ఒకసారి ఊపిరి పీల్చి, చిరునవ్వుతో "మీ ఇంటికి మంచి పర్సనాలిటీ ఉంది" అంది. నేను పొంగిపోయాను. అమెరికా వచ్చి పదేళ్ళు దాటినా, ఇక్కడివాళ్ళ పొగడ్తలో చురక ఎక్కడుందో వెతుక్కోవడం నాకింకా అలవాటు కాలేదు.

మావారు కార్ల కంపెనీలో ఇంజినీరు. ఆయనకి చాండ్లర్‌లో కొత్త ఉద్యోగం వచ్చింది. మా అమ్మాయి ఆరో క్లాసు పూర్తయ్యేలోపు ఇల్లు అమ్మేసి అరిజోనా వెళ్ళిపోవాలని మా ప్లాను. ఏజెంటు గదులన్నీ తిరిగింది, అల్మారాలు తెరిచింది, కార్పెట్ మీద వంగి చూసింది. వంటింట్లో క్యాబినెట్ తలుపు మీద వేలుపెట్టి రాసి, ఆ వేలిని కాసేపు చూసుకుంది. తర్వాత మమ్మల్ని కూర్చోబెట్టి మెత్తగా చెప్పింది.

"కొనడానికొచ్చినవాళ్ళు ఈ ఇంట్లో తమని తాము ఊహించుకోవాలి. ఇప్పుడు వస్తే మిమ్మల్ని ఊహించుకుంటారు."

"వాసన సంగతి చెబుతోంది" అన్నారు మావారు తెలుగులో.

"ఏం వాసన?" అన్నాను. నాకు నిజంగానే తెలియదు. పదేళ్ళుగా రోజూ పోపు పెట్టిన మనిషికి ఇంట్లో పోపు వాసనేమిటో ఎలా తెలుస్తుంది?

అంగట్లో దొరికే స్ప్రేలు కొడతానంటే ఆవిడ ఒప్పుకోలేదు. కెమికల్ వాసన తగలగానే ఏదో దాస్తున్నారని జనం కనిపెట్టేస్తారట. సహజంగా పోవాలి, హెర్బ్స్ వాడమంది. అంటే దాచడం తప్పు కాదు, దాచేది ఆకులతో అయితే చాలు.

సరే అని వెళ్ళి రోజ్‌మేరీ కొన్నాను. చలికాలం కదా, ప్లాస్టిక్ డబ్బాలో నాలుగు రెమ్మలు ఐసీయూలో పేషెంట్లలా పడుకుని ఉన్నాయి. ఇప్పుడు మేముండే చాండ్లర్‌లో ఈ మొక్క పార్కింగ్ లాట్ల చుట్టూ కంచెలా పెరుగుతుంది, దారినపోయే ప్రతి కుక్కా దాని దగ్గర కాలెత్తుతుంది. మిషిగన్‌లో మాత్రం దాన్ని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

సీసాల్లో తెల్ల వెనిగర్ పోసి, రోజ్‌మేరీ, నారింజ తొక్కలు వేసి ఊరబెట్టాను. ఊరగాయ పెట్టినంత శ్రద్ధగానే పెట్టాను, కాకపోతే ఇది గోడలు తినడానికి. బాగా ఊరాక వడగట్టి, సగానికి సగం నీళ్ళు కలిపి క్యాబినెట్ల మీద కొట్టి తుడిచాను. నిజం చెప్పాలంటే అది భేషుగ్గా పనిచేసింది. జిడ్డంతా పసుప్పచ్చగా గుడ్డలోకి వచ్చేసింది. అంతవరకూ మా క్యాబినెట్లు మీగడ రంగువని అనుకునేదాన్ని. తెల్లవని ఆ రోజే తెలిసింది.

కార్పెట్‌కి ఇంకో వైద్యం. ఎండు లావెండర్ పూలు నలిపి బేకింగ్ సోడాలో కలిపి చల్లాలి, కాసేపు ఉంచి వ్యాక్యూమ్ చేయాలి. వ్యాక్యూమ్ సగం పూలు మింగి, మిగతా సగం గొంతుకి అడ్డం పడి ఆగిపోయింది. మావారు దాన్ని విప్పి, బాగుచేసి, ఆ వారమంతా తుమ్ముతూ ఆఫీసుకి వెళ్ళారు.

గాలి కోసం పొయ్యి మీద గిన్నెడు నీళ్ళలో థైమ్ ఆకు, రోజ్‌మేరీ, నిమ్మచెక్కలు వేసి సన్నమంట మీద మరిగించేదాన్ని. ఒకరోజు మా అమ్మాయి స్కూలు నుంచి వస్తూనే బ్యాగు పడేసి వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది. దాని తెలుగు, ఇండియా మిక్సీని ఇక్కడి కరెంటుకి పెట్టినట్టు నెమ్మదిగా తిరుగుతుంది.

"అమ్మా, పిజ్జా చేస్తున్నావా?"

"లేదు, ఇల్లు క్లీన్ చేస్తున్నాను."

"పిజ్జా లేదా?"

"లేదు."

"మరి ఎందుకు స్మెల్ చేస్తున్నావ్?"

ఇల్లు ఇంగువని వదిలిపెట్టి పిజ్జాకి మారితే, దాన్ని అమెరికాలో శుభ్రత అంటారని ఆ పిల్లకి ఎలా చెప్పను?

ఇంత చేశాక ఇంట్లో పోపు పెడితే ఇంకేముంది? అందుకని వంటని గరాజ్‌లోకి తోలేశాం. మంచు తోసే మిషన్ పక్కన మావారు చిన్న కరెంటు స్టవ్ పెట్టిచ్చారు. కోటు, టోపీ, గ్లవ్స్ వేసుకుని నిలబడి ఆవాలు చిటపటలాడించేదాన్ని. పొగ పోవడానికి తలుపు కాస్త ఎత్తి ఉంచేవాళ్ళం. ఒకసారి కుక్కని తిప్పుతున్న పక్కింటాయన వంగి లోపలికి చూసి, ఏదో కాలుతున్నట్టుంది, కారు బాగానే ఉందా అని అడిగాడు. మావారు ఏమాత్రం తడబడకుండా "బ్రేకులు చెక్ చేస్తున్నాను" అన్నారు.

ఇల్లు చూడ్డానికి జనం వచ్చారు, వెళ్ళారు. స్పాలా ఉందన్నారట, ప్రశాంతంగా ఉందన్నారట. కొంటామని మాత్రం ఎవరూ అనలేదు. ఇంకా ఏదో తక్కువైందని ఏజెంటు యూకలిప్టస్ కొమ్మలు తెచ్చి అన్ని బాత్‌రూముల్లోనూ షవర్లకి వేలాడదీసింది.

ఎవరైనా ఇల్లు చూడ్డానికొస్తే మేం బయటికెళ్ళిపోవాలి. అది ఇక్కడి పద్ధతి. ఒక ఆదివారం అలాగే కార్లో లైబ్రరీ దగ్గర కూర్చున్నాం. ఇంతలో మా అమ్మాయి అర్జెంటుగా బాత్‌రూమ్ అంది. ఆదివారం లైబ్రరీ ఇంకా తెరవలేదు. గత్యంతరం లేక ఇంటికే తిరిగొచ్చాం.

ఇల్లంతా చూసి బయటికొచ్చి గుమ్మం ముందు ఒక యువజంట, వాళ్ళ ఏజెంటు, మా ఏజెంటు నిలబడి ఉన్నారు. నేను అలవాటుగా "బూట్లు విప్పి వెళ్ళవే" అని అమ్మాయిని కేకేశాను. ఆ యువతి గిరుక్కున తిరిగింది.

"మీరు తెలుగా అక్కా?"

వాళ్ళిద్దరిదీ వరంగల్. ఏడాది కిందట న్యూజెర్సీలోని పార్సిప్పనీ నుంచి ఇక్కడికి మారారట. అతను మావారి ఆఫీసు పక్క కంపెనీల్లోనే ఎక్కడో సాఫ్ట్‌వేర్ చేస్తున్నాడు. ఆమె నా దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగింది.

"ఏమనుకోకండి అక్కా. ఇంట్లో ఎవరికన్నా పానం మంచిగ లేదా?"

"అందరం బానే ఉన్నామమ్మా. ఎందుకు?"

"ఇల్లంత నీలగిరి తైలం వాసనొస్తుంది. పైన బాత్‌రూమ్‌లకి పోతే ఆవిరి పట్టినట్టే ఉంది."

అతను మావారి వైపు తిరిగాడు. "కిచెన్ చూస్తే ఎవ్వరు వండినట్టే లేదన్నా. మొన్న చూసిన ఇంట్ల పొయ్యి మీది ఫ్యాన్ తిరుగుతది గానీ పొగ బయటికి పోదు, మల్లా మన మొహం మీదికే వస్తది. ఇది గూడ గట్లనేనా? పోపు పెట్టొచ్చా ఇక్కడ?"

ఇన్ని వారాల నా తపస్సు ఫలం అది. చలిలో వణికి, వెనిగర్లో చేతులు నానబెట్టి, ఇల్లు కొనేవాళ్ళకి మా ఇంట్లో పోపు పెట్టలేరేమో అనే అనుమానం కలిగించాను. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మా ఏజెంటు ఒక్క ముక్కా అర్థంకాక మా అందరి వంకా చూసి నవ్వుతూ నిలబడింది.

లోపలికెళ్ళి పొయ్యి మీద మూకుడు పెట్టాను. నూనె కాగాక ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, దిట్టంగా ఇంగువ. ఫ్యాన్ హైలో పెట్టాను.

మా ఏజెంటు పరుగున వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. నేను ఇంటికి నిప్పంటిస్తున్నట్టు ఉంది ఆవిడ మొహం. "ఏం చేస్తున్నారు మీరు?"

"టెస్ట్ డ్రైవ్" అన్నారు మావారు.

ఆ అబ్బాయి బయట గోడ పక్కకి పరిగెత్తి, ఫ్యాన్ పొగ బయటికొచ్చే పైపు కింద నిలబడి కిటికీలోంచి చెప్పాడు. "వస్తుంది, పొగంత బయటికే వస్తుంది." అతని భార్య మొహం విచ్చుకుంది. ఏజెంట్లిద్దరూ మిరప ఘాటుకి దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ ఇంటి వెనక చెక్క డెక్ మీదికి వెళ్ళిపోయారు.

పెట్టిన పోపు పారబోయలేం కదా. పొద్దున గరాజ్‌లో ఉడికించిన పప్పులో వేశాను. వద్దువద్దంటూనే ఇద్దరూ కూర్చుని తిన్నారు. అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు ఒకే టేబుల్ దగ్గర పప్పన్నం తినడం రూల్సు ప్రకారం సరైనదేనా అని డెక్ మీద చర్చ జరుగుతున్నట్టు అద్దాల తలుపులోంచి కనిపించింది.

మర్నాడే వాళ్ళు కొంటామన్నారు. ఏజెంటు ఫోన్లో గర్వంగా "చెప్పానా, సహజ పద్ధతులకి తిరుగులేదని" అంది. నేను అవునన్నాను.

ఖాళీ చేసే ముందు ఆ వరంగల్ అమ్మాయి కర్టెన్లకి కొలతలు తీసుకోవడానికి ఒక్కతే వచ్చింది. సామానంతా ట్రక్కు ఎక్కించేశాం. కుర్చీలు లేక నేల మీదే కూర్చుని ఇద్దరం పేపర్ కప్పుల్లో టీ తాగాం. డ్రైవ్‌వేలో మంచు ఏ మూల గడ్డకడుతుందో, స్కూలు బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పాను.

"ఇన్నేళ్ళు ఉండి పోతుంటే బాధగ లేదా అక్కా?"

"చలిని వదిలి పోవడానికి బాధేమిటి?" అన్నాను. అని, కప్పు పక్కన పెట్టి, చూసిన గదులే మళ్ళీ ఆ అమ్మాయికి ఒక్కొక్కటీ చూపించడం మొదలుపెట్టాను.