బీపీ లైన్‌లో మా అన్న

నాచారంలో మా గల్లీ దాటితే అన్నీ మందుల కంపెనీలే. గాలి ఇటు తిరిగితే చాలు, మందుల వాసన ఇంట్లోకి వచ్చేది. మా అన్న వాటిలో ఒకదాంట్లో ప్యాకింగ్ సెక్షన్‌లో కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. ఊరందరి రోగాలకూ గోలీలు డబ్బాల్లో సర్దే మనిషి, తన గోలీల కోసం మాత్రం బస్సులు మారి నగరం ఆ కొసకు పోవాలి. ఇది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

అన్నకు ఎవరూ లేనిచోట మాటలు వినిపించేవి. ప్యాకింగ్ మిషన్ తనను బూతులు తిడుతోందని ఒకరోజు పని మధ్యలో లేచి వచ్చేశాడు. అమ్మ తాయెత్తు కట్టించింది, నేను మనసు జబ్బులకు చూసే పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. అక్కడి మందులు పనిచేశాయి, కొన్నాళ్లకే మళ్లీ డ్యూటీకి పోయాడు. కానీ ఆ మందులు ప్రతి నెలా తనే పోయి తెచ్చుకోవాలి. పొద్దున పోతే సాయంత్రానికి గానీ ఇల్లు చేరలేడు. ఇట్లాగే నాగాలు పెడితే గేటు దగ్గరే ఆపేస్తానని సూపర్‌వైజర్ చెప్పేశాడు. ఎందుకు పోతున్నాడో చెప్పుకుందామా అంటే, ఆ ఆసుపత్రి ఉన్న పేట పేరే మా దగ్గర ఒక తిట్టు. ఆ పేరెత్తితే ఉద్యోగం ఆ రోజే పోయేది.

మా గల్లీ మొదట్లోనే సర్కారు ఆరోగ్య కేంద్రం ఉంది. బీపీకి, షుగర్‌కు, జ్వరానికి, పిల్లల టీకాలకు అందరం అక్కడికే పోయేవాళ్లం. అన్న మందులు అడిగితే మాత్రం అసొంటివి ఇక్కడ ఉండవని కాంపౌండర్ చేతులు దులుపుకునేవాడు. అసొంటివి అంటే ఎలాంటివో చెప్పమని పోట్లాడాను. వెనకవాళ్ల చీటీ అందుకున్నాడు.

తర్వాత ఒక డాక్టరమ్మ వచ్చింది. అన్న చీటీ చూసి, పైవాళ్లకు రాసి, ఆ గోలీలు కేంద్రానికే తెప్పించింది. ఇవీ బీపీ గోలీల్లాంటివే, రోజూ వేసుకోవాలి, అంతే అంది. బీపీ వాళ్ల లైన్‌లోనే నిలబడమంది. నెలకోసారి సెకండ్ షిఫ్టుకు పోతూ పోతూ తీసుకునేవాడు. ఇంత వయసుకే బీపీ ఏందని లైన్‌లో ఆడవాళ్లు ఆటపట్టించేవాళ్లట. ఆ ముచ్చట ఇంటికొచ్చి చెప్పి నవ్వేవాడు. అన్న అట్లా నవ్వగా చూసి ఎన్నేళ్లయిందో.

మా బస్తీలో మజ్జిగ తోడు అడిగినట్టే గోలీలు కూడా బదులడుగుతారు. బీపీ వాళ్లు బీపీ వాళ్లను, షుగర్ వాళ్లు షుగర్ వాళ్లను. అన్న వెనకే లైన్‌లో నిలబడే ఎదురింటి అవ్వ ఒకనాడు గోలీలు అయిపోయాయని మా గడపలోకి వచ్చింది.

"కొడుకా, నీ బీపీ గోలీ ఒకటియ్యి. రేపు తెచ్చుకోంగనే ఇచ్చేస్త."

అన్న లేవన్నాడు. కిటికీలో డబ్బా కనబడుతూనే ఉంది. గోలీకి గూడ పిసినారితనమా అని తిట్టి, అవ్వే ఒకటి తీసి నోట్లో వేసుకుంది. అది దేనికో చెప్పకుండా అన్న డబ్బా తీసి లోపల పెట్టేశాడు. మధ్యాహ్నం నల్లా దగ్గర అవ్వ తూలి పడింది. దెబ్బ పెద్దది కాదు, బాగా నిద్రపోయి లేచింది. కానీ ఆమె మింగింది ఏం గోలీ అని ఆరా తీశారు, బస్తీ అంతా తెలిసిపోయింది.

పైనుంచి ఒక ఆఫీసర్ వచ్చి ఆ మందులు కేంద్రంలో ఇవ్వొద్దన్నాడు. అవ్వ ఎవరిదో షుగర్ గోలీ మింగి పడిపోతే షుగర్ గోలీలు ఆపేవాడా? ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు చేశారు. డాక్టరమ్మ కూడా అదే మాట అడిగిందట. ఆమెను ఇంకోచోటికి బదిలీ చేశారు. అన్నిటికంటే నాకు కోపం తెప్పించింది అవ్వను వాళ్లు పంపించిన తీరు. ఆమె కేంద్రానికి పోయి బల్ల మీద కూర్చుని లేవనంది.

"తప్పు నాది. అడ్గకుండ మింగింది నేను. పిల్లగానికెందుకు బంద్ జేసిన్రు?"

ఆమె బీపీ గోలీలు ఆమె చేతిలో పెట్టి పంపించేశారు.

అన్నకు మళ్లీ బస్సులే గతి అయ్యాయి. రెండో నాగాకే గేటు దగ్గర ఆపేశారు. మా బస్తీ కబురు కంపెనీకి ఎప్పుడో చేరింది, నాగా ఒక సాకు. పిచ్చోడు మందులు ప్యాక్ చేస్తే ఎట్లా అన్నారట. మందు వేసుకుంటున్నంత కాలం వాళ్ల ప్యాకింగ్‌లో ఒక్క తప్పు చేయని మనిషిని.

రాష్ట్రం వచ్చింది. ఉప్పల్ చౌరస్తాలో పటాకులు కాల్చారు, మేమూ పోయాం, మనస్ఫూర్తిగా సంతోషపడ్డాం. కేంద్రం బోర్డు మీద పాత రాష్ట్రం పేరు చెరిపి కొత్త పేరు రాశారు. ఆ వారమే అన్నను ఆసుపత్రికి తీసుకుపోతూ, ఆశ చావక, దారిలో లోపలికి పోయి అడిగాను. అదే కాంపౌండర్.

"బోర్డు మారింది గాని మందులు గవేనమ్మా. పెద్ద దవాఖానకే పోవాలె."

ఆ రోజు నేను నోటికొచ్చినట్టు తిట్టాను. లైన్‌లో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు, కాంపౌండర్ లేచి నిలబడ్డాడు. అన్న తలుపు దగ్గరి నుంచి వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"చెల్లె, లొల్లి జెయ్యకు. వీళ్లంత నన్నే పిచ్చోడంటరు. నడువ్, బస్సు పోతది."