చిన్నబాపును కక్కించిన రోజు

మొన్న దేవరకొండ బస్టాండు బయట ఒకాయన మోటారుసైకిలు ట్యాంకులో రబ్బరు పైపు దూర్చి, రెండో కొస నోట్లో పెట్టుకున్నాడు. ముక్కూ మొహం తెలియని మనిషి నోట్లోంచి పైపు లాగేయడం మర్యాద కాదని తెలుసు. లాగేశాను. "నీదేమన్న పోతాందా?" అని నా కాలరు పట్టుకున్నాడు. చెప్పడానికి చాలా ఉంది గానీ, కాలరు ఇంకొకరి చేతిలో ఉండగా అంత పెద్ద కథ కుదరదు. ఇక్కడ చెబుతాను.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, పత్తికి మందు కొట్టే రోజులు. మా బాపుకూ, ఆయన తమ్ముడు మా చిన్నబాపుకూ కలిపి ఒకే ట్రాక్టరు. దాని వంతు గురించి పొద్దున్నే మాట్లాడుకున్నారు. మా ఇంట్లో మాట్లాడుకోవడమంటే ఒకరు గడ్డపార విసరడం, ఇంకొకరు తప్పుకోవడం. చిన్నబాపు తప్పుకుని, "ఇంత మందు తాగి సస్త, అప్పుడు నువ్వొక్కనివే దున్నుకో" అని చేనుకు పోయాడు. నెలకోసారి అనే మాటే. ఎవరూ ఫికర్ చేయలేదు.

చేను దగ్గర, కుంట నీళ్లు తోడే ఇంజనులో పోయడానికి ఆయన ట్రాక్టరు ట్యాంకులోంచి పైపుతో డీజిలు పీల్చాడు. మా వైపు అందరూ నోటితోనే పీలుస్తారు; నోట్లోకి రాగానే ఉమ్మేసి, పైపు క్యానులో పెడతారు. ఆ రోజు ఉమ్మేలోపే గుక్కెడు లోపలికి పోయింది. దగ్గుతో కిందపడి మట్టిలో పొర్లుతున్నాడు. పక్కనే పురుగుల మందు డబ్బా. పైగా పొద్దుటి మాట. సద్ది తెచ్చిన చిన్నమ్మ చూసి, "మందు తాగిండో!" అని కేక పెట్టింది. పక్క చేలలోంచి బాపూ నేనూ ఇంకో ఇద్దరూ ఉరికొచ్చాం.

పత్తి పండించే ఊళ్లలో మందు తాగినవాణ్ణి ఏం చేయాలో చదువు రానివాళ్లకు కూడా వచ్చు. పడేయాలి, నోరు పెకిలించాలి, సబ్బునీళ్లు పోసి కక్కించాలి. బాపు తమ్ముడి రొమ్ము మీద కూర్చున్నాడు. ఇద్దరు చేతులు పట్టారు. నా వంతుకు కుడికాలు వచ్చింది. చిన్నబాపు అసలు సంగతి చెప్పడానికి నోరు తెరిచినప్పుడల్లా అదే అదనుగా చెంబెడు పోశారు. నోరు పెకిలించడానికి దూర్చిన సద్దిగిన్నె గరిటెకు ఒక పన్ను విరిగింది. మిగిలిన పళ్లతో ఆయన బాపు వేలు ఎముక తేలేలా కొరికాడు. బాపు తమ్ముడి చెంప పగలగొట్టి, "సావనియ్యరా నిన్ను!" అని ఏడుస్తూ ఇంకో చెంబు పోశాడు.

నేనప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం, కెమిస్ట్రీ. మొదటి వాంతికే వాసన తెలిసింది. "బాపూ, గిది డీజిల్ వాసనే" అన్నాను. "కాలు పట్టురా!" అన్నాడు. పట్టాను. మూడుసార్లు కక్కేదాకా పట్టాను. మూడోసారి నురగలో రక్తం వచ్చింది.

నల్లగొండ దవాఖానలో డాక్టరు, "కక్కించింది ఎవరు?" అన్నాడు. మెచ్చుకుంటాడనుకుని బాపు, వేలికి గుడ్డ చుట్టుకునే, ముందుకొచ్చి "నేనే సార్" అన్నాడు.

"డీజిల్ కడుపులనే ఉంటే ఇంత కాకపోవు. కక్కించి కక్కించి ఊపిరితిత్తులకు పంపిన్రు."

బాపు తల గోడకేసి బాదుకుంటుంటే ఆపడానికి ఇద్దరు నర్సులు కావలసి వచ్చారు. చిన్నబాపు పక్కటెముకల మధ్య గొట్టంతో చాలా రోజులు పడుకుని, బతికాడు. ఒక ఊపిరితిత్తిలో సగం మాత్రం బతకలేదు. గొంతు రాగానే అన్న మొదటి మాట: "డీజిలని మొత్తుకుంటే ఇనకపోతివి గదనే!"

"నువ్వెప్పుడు మొత్తుకున్నా ఇనలే గదరా. అలవాటైంది" అన్నాడు బాపు, మొహం అటు తిప్పుకుని.

ఇప్పుడు చేనుకు నడుస్తూ చిన్నబాపు ఇరవై అడుగులకోసారి ఆగుతాడు. ఎవరికోసమూ ఆగడం ఎరగని మా బాపు, చెప్పులో ముల్లేదో గుచ్చుకున్నట్టు వంగి చూసుకుంటాడు. వెనక నేనూ నిలబడతాను. ఏళ్లు పరుగెత్తుతున్నాయని ఊళ్లో అంటుంటారు గానీ, మా ముగ్గురికీ అవి ఆయనకు ఊపిరి అందేదాకా ఆగి, ఆగి నడుస్తున్నాయి.