సన్నని మనిషికి సగం మందు

తుఫాను దాటిన మర్నాడు ఉదయం తొమ్మిదీ ఇరవైకి మా దళం శ్రీకాకుళం జిల్లాలో ఒక మత్స్యకారుల ఊరు చేరింది. 2018వ సంవత్సరం. దారికి అడ్డంగా కొబ్బరిచెట్లు పడ్డాయి. చివరి నాలుగు కిలోమీటర్లూ నడకే. సన్నగా వాన. నేను సైన్యంలో నర్సింగ్ అసిస్టెంటుని. నా వీపున మందుల సంచి, అందులో నొప్పి తగ్గించే మార్ఫిన్ ఇంజెక్షన్ ఆంపూళ్లు ఆరు. మాది ఎచ్చెర్ల దగ్గర వరి పండించే ఊరు. మన జిల్లాయే కదా, మనుషులు తెలిసినవాళ్లే అనుకున్నాను.

కూలిన గోడ కింద ఇద్దరు పడ్డారు. బావ, బావమరిది. బావ తలుపు పట్టనంత మనిషి. తొడ విరిగింది. బావమరిది ఎముకల గూడు. నడుం నలిగింది. పది గంటలకి బావకి పూర్తి ఆంపూలు ఇచ్చాను. బావమరిదికి సగమే. అంత బక్క ఒంటికి మొత్తం ఎక్కిస్తే ఊపిరి ఆగుతుందని భయం. మిగిలిన సగం ఇసుకలో పారబోశాను. బావ కుదుటపడ్డాడు. బావమరిది నోరే మెదపలేదు. సగం సరిపోయిందని మురిసిపోయాను కూడా.

పన్నెండున్నరకి వైర్‌లెస్‌లో మా డాక్టరుకి ఎవరికెంత మందిచ్చానో చెప్పాను.

"రెండోవాడికి సగమెందుకిచ్చావ్?"

"మనిషి బాగా సన్నం సార్."

"ఒళ్లు చూసి నొప్పి కొలుస్తావా? తగ్గిందా అని అడిగావా?"

అడగలేదు.

పక్క మంచం మీంచి బావ అన్నాడు. "ఆడు సెప్పడు బాబూ. వల లాగుతుంటే ఒకడు అమ్మో అన్నాడంటే అందరి సేతులూ జారిపోతాయి. మావోళ్లు నొప్పనరు."

బావమరిది మీదికి వంగాను. "తగ్గలేదేటి?"

"మొదట్నుంచీ అలాగే ఉన్నాది బాబూ," అన్నాడు, తప్పు చేసినవాడిలా.

మా ఇళ్లలో ముల్లు గుచ్చుకుంటే వీధంతా వినబడేలా అరుస్తాం. అరవనివాడికి నొప్పి లేదనుకునే బుద్ధి నాది. ఊపిరి చూసుకుంటూ ఇంకో సగం ఇచ్చాను. బిగిసిన దవడలు వదులయ్యాయి. రెండుంపావుకి, దారి తెరుచుకోకముందే బావమరిది పోయాడు. లోపల నెత్తురు కారిపోయిందనీ, మందు ఎంతిచ్చినా బతికేవాడు కాదనీ డాక్టరు తర్వాత చెప్పారు. నిజమే కావచ్చు. పది నుంచి పన్నెండున్నర దాకా అతను పడ్డ బాధ మాత్రం నా వల్లే.

మూడో రోజు మా లారీ బయల్దేరుతుంటే అతని భార్య వచ్చింది. తుఫానుకి పుట్టింట్లో చిక్కుకుపోయి, ఆఖరి చూపుకి అందలేదు.

"నొప్పి పడ్డాడా బాబూ?"

"లేదమ్మా. మందిచ్చాను."

ఆమె నా కుడిచేతిని రెండు చేతులతో పట్టుకుని కళ్లకద్దుకుంది.

సైన్యం వదిలి ఊరొచ్చేశాను. పొలం చేసుకుంటున్నాను. ఇప్పటికీ అన్నం కలుపుతుంటే ఆ చేతికి ఆమె కన్నీళ్ల తడి తగులుతుంది.