నీళ్లెటు పోతయ్?

సుల్తానాబాద్ నుంచి ఆదిలాబాద్ వచ్చిన కొత్తలో మేం కిరాయికున్న ఇంటామెను, ఆ వాడ అలవాటుకొద్దీ, చిన్నమ్మ అన్నట్టు మౌసి అని పిలిచేవాళ్లం. ఏ ఇంటికి వెళ్లినా ఆమె గడపలోనే ఆగి, “నీళ్లెటు పోతయ్?” అని అడిగేది.

ఎండాకాలంలో మేం కొనాలనుకున్న ఇంటి ముందూ అదే అడిగింది. “జర ఆగు బిడ్డా, వాన పడ్డంక కొను,” అంది. మొదటి పెద్దవానకు నన్ను వెంటబెట్టుకొని పోయింది. ఆ ఇంటి వంటగదిలో మోకాలిలోతు నీళ్లు.

తర్వాత మిట్టమీది ఇల్లు ఆమే వెతికిపెట్టింది.

“మేం పోతే నీ ఇల్లు ఖాళీ అయితది గద మౌసీ?” అన్నాను.

“కానియ్ తియ్. పిల్లలు పొడిగ పండాలె.”

గృహప్రవేశం నాడు, భర్త పోయిన దాన్నని ఆమె వాకిట్లోనే నిలబడింది. సుల్తానాబాద్ నుంచి వచ్చిన మా అవ్వ వెళ్లి చేయి పట్టుకొని ఆమెను పొయ్యి దగ్గరికి తీసుకొచ్చింది.

“పాలు నువ్వే పొంగియ్యక్కా. గీ ఊళ్లె నా బిడ్డకు తల్లివి నువ్వే.”

మౌసి కళ్లు తుడుచుకొని అగ్గిపుల్ల గీసింది.