బూడిద కలిపిందన్న మాట

పర్చూరు చేలల్లో లద్దెపురుగు ఏరడంలో సుబ్బరావమ్మను మించినవాళ్లు లేరు. చిన్నతనంలోనే భర్త పోయాక ఆవిడకు దొరికిన ఆధారం ఆ పనే. మిరపాకు వెనక్కి తిప్పి, గోధుమరంగు నూగు కప్పుకున్న గుడ్ల ముద్దను ఆకుతో సహా తుంచి, కిరసనాయిలు కలిపిన నీళ్ల ముంతలో వేసేది.

బీహెచ్‌సీ అనే పురుగుమందు పొడి వచ్చాక ఏరే పని తగ్గింది. రైతు బుల్లయ్య తన మిరప చేలో పొడి చల్లే పని ఆవిడకే అప్పగించాడు. మంచు ఆరకముందే పల్చటి గుడ్డలో పొడి మూటకట్టి, కర్రతో తట్టుకుంటూ సాళ్ల వెంట నడిచేది. మొదటి రెండేళ్లు పురుగులు జలజలా రాలాయి. తర్వాత ఒక మూట చాలక రెండు చల్లాల్సి వచ్చింది. పంతొమ్మిది వందల అరవై మూడులో మూడు మూటలు చల్లినా ఏమీ రాలలేదు.

కూలీలందరి ముందే అన్నాడు బుల్లయ్య.

"పొడిలో బూడిద కలిపావు. మిగిల్చిన మందంతా ఎవరికి అమ్ముకున్నావు?"

"డబ్బా తెరిచింది నువ్వే కదా బాబాయ్!"

"తెరిచింది నేను. మోసింది నువ్వు."

"బూడిదకి అంత గిరాకీ ఉంటే మా పొయ్యి ఏనాడో మేడ కట్టించేది" అంది పక్క సాల్లో పేరమ్మ. ఎవరూ నవ్వలేదు.

ఆ రోజు నుంచి సుబ్బరావమ్మను ఎవరూ పనికి పిలవలేదు. నాలుగో రోజు ఆవిడే బుల్లయ్య ఇంటికి వెళ్లింది.

"సీలు తియ్యని డబ్బా తెప్పించు. నేను ముట్టను. నువ్వే చల్లు."

కుండలో మిరప రెమ్మలు, ఇరవై పురుగులు వేశారు. బుల్లయ్య కొత్త డబ్బా సీలు తీసి, తన చేత్తోనే పొడి చల్లి, కుండ మూతికి గుడ్డ కట్టాడు. మర్నాడు విప్పి చూస్తే, ఒళ్లంతా పొడి అంటుకున్న పురుగులు ఈనెలు మాత్రం వదిలేసి, ఇంకా ఆకు కోసం పాకుతున్నాయి.

పొడి ఎందుకు పనిచేయలేదని చాలా ఏళ్ల తర్వాత నేను అడిగితే ఆవిడ చెప్పింది: "చచ్చేవి మొదట్లోనే చచ్చాయి నాయనా. చావనివే గుడ్లు పెట్టాయి. ఆ ఏటికి చేనంతా వాటి సంతానమే."

బుల్లయ్య కుండ పక్కన పెట్టాడు. "రేపట్నుంచి ఏరడానికి రామ్మా."

"అందరి ముందూ అన్నావు బాబాయ్. ఇది చూసింది మాత్రం మనిద్దరమే."

మర్నాడు చేలో, వంగి ఉన్న కూలీలు లేచి నిలబడేదాకా ఆగి, బుల్లయ్య తలగుడ్డ తీశాడు. "సుబ్బరావమ్మ ఏమీ కలపలేదు. తప్పు నాది."

సుబ్బరావమ్మ ముంత అందుకుంది. కొంగు నడుముకు బిగించి సాల్లోకి దిగింది. అప్పటికే సగం చేలో ఆకుల ఈనెలే మిగిలాయి. పొద్దుగూకేసరికి ఆవిడ మూడు సాళ్లు పూర్తి చేసింది.