గుమ్మం దాటని నూరు శాతం

ఈ రోజు మా స్టూడియో కంప్యూటర్ నన్ను నిలువునా మోసం చేసింది. తన చెల్లెలి పెళ్ళికి రాలేకపోయిన మస్కట్ సత్తిబాబుగారి కోసం, ఫోటోలన్నీ ఒకే ఫైలు చేసి, కమాండ్ కొట్టి, మా వెబ్ పేజీ ఉండే హైదరాబాద్ సర్వర్‌కి పంపాను. రెండు సెకన్లలో నూరు శాతం అంది. అమలాపురం నెట్ బాగుపడిందని మురిసిపోయి ఆయనకి ఫోన్ చేశాను. ఆయన ఒక పూట సెలవు పెట్టి నెట్ సెంటర్‌కి వెళ్ళి, అక్కడి నుంచి ఫోన్ చేశారు.

"ఏం పంపేరండీ? పేజీ ఖాళీగా ఉందండీ."

"నూరు శాతం వెళ్ళిపోయాయండీ, మళ్ళీ చూడండి."

"ఆయ్, చూస్తానే ఉన్నానండీ."

తీరా చూస్తే, కమాండ్‌లో సర్వర్ పేరు తర్వాత కోలన్, అంటే ఒకదాని కింద ఒకటి రెండు చుక్కలు, పెట్టడం మరిచాను. అవి లేకపోతే కంప్యూటర్ దాన్ని ఇంకో ఫైలు పేరనుకుంటుంది. ఫైలు నకలు ఆ సర్వర్ పేరే పెట్టుకుని నా కంప్యూటర్‌లోనే కూర్చుంది. తప్పు నాదే, కానీ గుమ్మం దాటనిదానికి నూరు శాతం అంటుందా?

మళ్ళీ పంపుతున్నాను. గంటకి మూడు శాతం వెళ్ళింది. ఈ మూడింటినైనా నమ్మమంటారా?